టెక్ సందేహాలు: ఆరుబయట రుబీడియం రిఫరెన్సుకు ఏ బ్యాటరీ?

ప్రశ్న: నేను శ్రీకాకుళంలో ఉంటున్న హామ్ రేడియో ఔత్సాహికుడిని. సెకండ్ హ్యాండ్‌లో ఎఫ్రాటమ్ ఎల్‌పీఆర్‌ఓ-101 రుబీడియం రిఫరెన్సు (రుబీడియం పరమాణువుల ఆధారంగా కచ్చితమైన 10 మెగాహెర్ట్జ్ ఇచ్చే పరికరం) కొన్నాను. డిష్ ముందుండే రిసీవర్ భాగమైన ఎల్‌ఎన్‌బీని దానితో లాక్ చేసి, అంటే దాని ఫ్రీక్వెన్సీని ఈ రిఫరెన్సుకు ముడివేసి, హామ్‌లు వాడే క్యూఓ-100 ఉపగ్రహాన్ని వింటున్నాను. ఇంటికి పడమటి వైపు అపార్టుమెంటు అడ్డు రావడంతో కళింగపట్నం వెళ్లి డిష్ పెడుతున్నాను. అక్కడ కారు లైటర్ సాకెట్‌కు చిన్న ఇన్వర్టర్, దానికి ఇంట్లో వాడే 24 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) తగిలిస్తున్నాను. కారు స్టార్ట్ చేసిన ప్రతిసారీ బీకన్ (ఉపగ్రహం నిరంతరం పంపే గుర్తింపు సంకేతం) స్వరం జారిపోతోంది, మిగతా సమయంలోనూ గరగరగా వినిపిస్తోంది. కారణం ఏమిటి?

జవాబు: మీ రిఫరెన్సులో లోపం ఉన్నట్టు నాకు అనిపించడం లేదు. దానికి అందుతున్న కరెంటే సరిగా లేదు. ఇంజన్ స్టార్ట్ అయ్యే క్షణంలో కారు బ్యాటరీ వోల్టేజి 10 కంటే దిగువకు పడిపోవచ్చు, అప్పుడు ఇన్వర్టర్ తనను తాను ఆపేసుకుంటుంది. ఆ కాసేపట్లోనే రుబీడియం లాక్, అంటే లోపలి క్రిస్టల్‌కు పరమాణువులతో ఉన్న ముడి, తప్పుతుంది. లాక్ తప్పిన యూనిట్ 6.8346 గిగాహెర్ట్జ్ దగ్గరున్న పరమాణు రేఖను మళ్లీ వెతుక్కోవడానికి లోపలి క్రిస్టల్ ఫ్రీక్వెన్సీని పైకీ కిందికీ జరుపుతుంది. ఎల్‌ఎన్‌బీ లోపలి 9750 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ కూడా దాని వెంటే కదులుతుంది కనుక, ఉపగ్రహం నిలకడగా ఉన్నా మీ స్క్రీన్ మీద బీకన్ గీత వంకర తిరుగుతుంది.

గరగరకు కారణం వేరు. 10 మెగాహెర్ట్జ్‌ను 9750కి చేర్చడమంటే 975 రెట్లు పెంచడం. రిఫరెన్సు మీద ఇన్వర్టర్, ఎస్‌ఎంపీఎస్ వదిలే స్విచింగ్ రొద ఏ కొంచెం ఉన్నా, ఆ గుణకారంలో అది దాదాపు 60 డెసిబెల్స్ పెరుగుతుంది. 10 మెగాహెర్ట్జ్ దగ్గర ఫ్రీక్వెన్సీ కౌంటర్‌తో చూస్తే అంకెలు చక్కగానే కనిపించినా, ఉపగ్రహాన్ని వింటున్నప్పుడు చెవికి గరుకుగా తగలడానికి కారణం ఇదే. అందుకే ఎన్ని గంటలు నడుస్తుందన్న లెక్క కంటే ముందు, కరెంటు ఎంత నిశ్శబ్దంగా వస్తుందో చూసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

అదృష్టవశాత్తూ మీ యూనిట్ 19 నుంచి 32 వోల్టుల వరకు దేనినైనా నేరుగా తీసుకుంటుంది. యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) సీల్డ్ బ్యాటరీలు రెండింటిని సిరీస్‌లో కలిపితే నిండుగా ఉన్నప్పుడు సుమారు 25.5 వోల్టులు, అడుగంటినప్పుడు 21 వోల్టులు వస్తాయి. రెండూ పరిమితిలోనే ఉన్నాయి కనుక మధ్యలో ఏ కన్వర్టరూ అక్కర్లేదు. చల్లగా ఉన్న యూనిట్ వేడెక్కే కొద్ది నిమిషాలు 1.7 ఆంపియర్ల వరకు, అంటే 40 వాట్లు లాగుతుంది, లాక్ అయ్యాక అది అర ఆంపియర్‌కు, 12 వాట్ల దగ్గరకు దిగుతుంది. 7 ఏహెచ్ అన్న అంకె కొత్త బ్యాటరీని 20 గంటల పాటు నెమ్మదిగా ఖాళీ చేసినప్పటిది. వాడిన బ్యాటరీలైతే అందులో సగమే నమ్మి, ఆరేడు గంటలు వస్తుందని లెక్క వేసుకోండి. బరువు మోయడం కష్టమైతే ఎనిమిది సెల్స్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్ తీసుకోవచ్చు. అది పూర్తి చార్జిలో కూడా 29.2 వోల్టులు దాటదు.

బ్యాటరీ ప్లస్ దగ్గరే 3 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టండి. ప్లస్, మైనస్ తీగలను ఒకదానికొకటి మెలిపెట్టండి. రుబీడియం ఫ్రీక్వెన్సీని సవరించేది లోపలి చిన్న అయస్కాంత క్షేత్రమే కనుక, స్పీకరునూ ట్రాన్స్‌ఫార్మరునూ పక్కన పెట్టకూడదు. బ్యాటరీ మార్చేటప్పుడు లాక్ తప్పకుండా ఉండాలంటే, పాత జతకొకటి, కొత్త జతకొకటి చొప్పున రెండు షాట్కీ డయోడ్ల (కరెంటును ఒకే దిశలో పోనిచ్చేవి) ద్వారా కలపండి. కొత్త జత తగిలించాకే పాతది తీయవచ్చు. యూనిట్ అడుగు ప్లేటును మందపాటి అల్యూమినియం పలక మీద బిగించి నీడలో ఉంచడం వేసవిలో తప్పనిసరి. కారు డిక్కీలో మూసిపెడితే ఆ ప్లేటు పరిమితికి మించి కాగుతుంది. తీరం గాలిలో ఉప్పు ఉంటుంది కనుక, ఇంటికి వచ్చాక కనెక్టర్లను పొడిగుడ్డతో తుడవండి.

ప్రశ్న: విజయనగరంలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. ఓవెన్ క్రిస్టల్ (ఒకే వేడిలో ఉంచే క్రిస్టల్) ఉన్న నా జీపీఎస్ రిఫరెన్సుకు 12 వోల్టులు కావాలి. పవర్ బ్యాంకుకు పీడీ ట్రిగ్గర్ బోర్డు (కావలసిన వోల్టేజిని పవర్ బ్యాంకును అడిగే చిన్న బోర్డు) తగిలించి 12 వోల్టులకు సెట్ చేసినా 9 మాత్రమే వస్తోంది. బోర్డు పాడైందా?

జవాబు: పాడవలేదు. యూఎస్‌బీ పవర్ డెలివరీ (పీడీ)లో 20 వోల్టుల వరకు 5, 9, 15, 20 మాత్రమే ప్రామాణిక మెట్లు, 12 ఇవ్వడం తయారీదారు ఇష్టం. అది లేనప్పుడు మీ బోర్డు దాని కింది మెట్టుకు దిగింది. 27 వాట్లకు మించిన పవర్ బ్యాంకు తీసుకుని, బోర్డును 15 వోల్టులకు మార్చి, దాని తరువాత 12 వోల్టుల లీనియర్ రెగ్యులేటర్ పెట్టండి. 0.4 ఆంపియర్ల దగ్గర దానిలో 1.2 వాట్లు వేడిగా పోతాయి, అందుకు చిన్న హీట్‌సింక్ చాలు. ఆ నష్టానికి బదులుగా పవర్ బ్యాంకు స్విచింగ్ రొద చాలావరకు తగ్గుతుంది. 20,000 ఎంఏహెచ్ అంటే 3.7 వోల్టుల సెల్ లెక్కన 74 వాట్ అవర్లు. కన్వర్షన్ నష్టాలు పోగా 60 మిగులుతాయనుకుంటే, 6 వాట్ల లోడ్‌కు పది గంటలు వస్తుంది. ఒక్క జాగ్రత్త ఉంది: రిఫరెన్సు నడుస్తుండగా పవర్ బ్యాంకుకు చార్జర్ గుచ్చకండి. ఆ క్షణంలో చాలా మోడళ్లు వోల్టేజిని మళ్లీ నిర్ణయించుకుంటూ అవుట్‌పుట్‌ను కాసేపు ఆపేస్తాయి, మీ ఓవెన్ మళ్లీ మొదటి నుంచి వేడెక్కాల్సి వస్తుంది.