ఎండలో తిరగక తప్పదంటే ముందు టీ వద్దనడం నేర్చుకోండి

ప్రశ్న: "మే నెలలో మధ్యాహ్నం పూట కూడా బయట తిరగాల్సిన ఉద్యోగం నాది. వడదెబ్బ తగలకుండా ఏం చేయాలి? నీళ్ళు ఎక్కువ తాగితే సరిపోతుందా?"

సరిపోదండీ. నేను పడిపోయిన రోజు మా బైకుకి రెండు లీటర్ల నీళ్ళ సీసా వేలాడుతూనే ఉంది, సాయంత్రం చూస్తే అందులో సగానికి పైగా అలాగే ఉన్నాయట. నేను డాక్టర్ని కాను, వాతావరణ శాఖలో పని చేసేవాణ్ణీ కాను. ఒకసారి ఎండకి పడి లేచినవాణ్ణి, ఆ అర్హతతోనే రాస్తున్నాను.

2015 మే ఆఖరి వారం. ఆ వేసవి గుర్తున్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, దేశం మొత్తం మీద రెండు వేల మందికి పైగా పోతే అందులో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాల వాళ్ళే. మాది పల్నాడు, అప్పటికింకా గుంటూరు జిల్లానే. రెంటచింతల పేరు మీరు వినే ఉంటారు. మిగతా పదకొండు నెలలూ ఎవరికీ పట్టని ఆ ఊరు మే వచ్చేసరికి రోజూ టీవీలో కనబడుతుంది, మా ఊరు దానికి దగ్గర్లోనే. అలాంటి చోట, రోహిణి కార్తె మొదలైన మూడో రోజున, మా చెల్లి పెళ్ళి శుభలేఖలు పంచడానికి నేనూ మా బావా బైకు మీద బయల్దేరాం. బుద్ధున్నవాడెవడన్నా ఆ పని చేస్తాడా అంటే, ఆ ఏడు రెండు ఆషాఢాలు వచ్చిపడ్డాయి. జూన్ మధ్యలోపు చేయకపోతే మళ్ళీ శ్రావణం దాకా ముహూర్తం లేదన్నారు పంతులుగారు. ఇంకేముంది, చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళి కావలసిన పిల్లలందరికీ ఆ మూడు వారాల్లోనే పెళ్ళిళ్ళు.

వాట్సాప్‌లో పంపొచ్చుగా అంటారేమో. పంపి చూడండి. మా పెదనాన్న వరసాయన ఒకాయన "ఫోన్లో పిలిస్తే అక్షింతలు కూడా ఫోన్లోనే వేస్తాను" అన్నాడు. ఇంటికెళ్ళి, కార్డు చేతిలో పెట్టి, కాసేపు కూర్చుని, పెళ్ళికొడుకు జీతమెంతో చెప్పి లేవకపోతే మా వైపు పిలిచినట్టు లెక్క కాదు.

ఏడింటికి బయల్దేరాల్సినవాళ్ళం, తొమ్మిదిన్నరయింది. పెళ్ళికూతురి అన్నని కదా అని నేను నల్ల పాలిస్టర్ చొక్కా వేసి టక్ చేసుకుని, షూస్ వేసుకున్నాను. మా బావకి పురుగుమందుల కొట్టుంది, ఏడాదంతా ఆ ఎండలోనే ఊళ్ళు తిరుగుతాడు. ఆయన తువ్వాలు తడిపి, పిండి, తలకీ చెవులకీ చుట్టుకున్నాడు. నాకూ ఒకటి ఇస్తే జుట్టు పాడవుతుందని వద్దన్నాను. "సరే దొరా, ఎక్కు" అన్నాడు.

ఒంటిగంటకల్లా పదకొండిళ్ళు పూర్తి చేశాం. అప్పటికి నా కడుపులో ఆరు టీలు, మూడు కూల్‌డ్రింకులు, ఒక లడ్డూ ఉన్నాయి. నీళ్ళు మాత్రం ఎక్కడో రెండు గుక్కలు. టీ విషమేం కాదు, కానీ నీళ్ళకి ఉండాల్సిన చోటు అది ఆక్రమించేసింది. వద్దంటే "మా ఇంట్లో తాగకూడదా ఏం?" అంటారు. చెమట కారిపోతున్న మనిషికి పొగలు కక్కే టీ గ్లాసు చేతిలో పెట్టి అది మర్యాద అనుకునే జాతి మనం. ఒక్కరంటే ఒక్కరు మజ్జిగలో ఉప్పేసి ఇవ్వలేదు, అడగడానికి నాకు మొహమాటం. పన్నెండున్నరకే తలనొప్పి మొదలైంది. ఒకింట్లో పారాసెటమాల్ ఇస్తే వేసుకున్నాను. అది శుద్ధ దండగ అని తర్వాత తెలిసింది. జ్వరంలో ఒళ్ళు కావాలని వేడెక్కుతుంది, ఆ మాత్ర దాన్ని తగ్గిస్తుంది. వడదెబ్బలో ఒళ్ళు చల్లబడలేక వేడెక్కుతుంది, అక్కడ మాత్రకి పని లేదు, పైగా లివర్‌కి చేటు.

బైకు మీద పోతుంటే గాలి తగులుతుందిలే అనుకున్నాను చూడండి, అది ఇంకో తెలివి. మన చర్మం మహా అయితే 35 డిగ్రీలుంటుంది. 45 డిగ్రీల గాలి మొహాన కొడుతుంటే అది కొలిమి తిత్తిలోంచి వచ్చే గాలితో సమానం, వేడిని మనలోకే తోస్తుంది. తడి ఉంటే ఆ గాలే చల్లబరుస్తుంది. మా బావ తువ్వాలు ఆరినప్పుడల్లా దార్లో కనబడ్డ బోరింగు దగ్గరల్లా ఆపి తడుపుకుంటూనే ఉన్నాడు. నేను వెనక కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను.

ఇక్కణ్ణించి కొంత నాకు గుర్తులేదు, బావ చెప్పిందే. ఇంకో ఊరు వస్తుందనగా రోడ్డు పక్క వేపచెట్టు కింద ఆపి, ఆ ఊళ్ళో ఇవ్వాల్సిన కార్డుల మీద పేర్లు రాద్దామన్నాడు. నేను రాస్తానని పెన్ను తీసుకున్నాను. బావ పేర్లు చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. మూడో కార్డు చూస్తే దాని మీద నా పేరే ఉంది. నాకు నేనే శుభలేఖ రాసుకున్నాను, అక్షరాలు కిందికి జారిపోయి, చివర్లో గారు కూడా పెట్టి. బావ నవ్వాడట. నాకు కోపం వచ్చి "పెళ్ళి నాదా నీదా" అని అరిచి, కార్డుల పెట్టె పక్కన పడేసి, రోడ్డు వదిలేసి పత్తి చేనుకేసి నడిచానట. మేలో ఏ పత్తీ లేదక్కడ, ఎండిన కట్టె తప్ప. ఇరవై అడుగులు వేసి కూలబడ్డాను.

నలుగురూ చేరారు. ఎవరో ఉల్లిపాయ తెచ్చి అరికాళ్ళకి రుద్దమన్నారు, ఇంకెవరో గ్లూకోజు నీళ్ళు కలిపి నోట్లో పొయ్యబోయారు. ఆ పక్కనే గేదెల్ని తొట్టి దగ్గరకి తోలుకొచ్చిన ముసలమ్మ ఒకామె గట్టిగా కేకేసిందట, "నోట్లో పొయ్యబాకండయ్యా, పొలమారి సస్తాడు. ఒంటి మీద పొయ్యండి!" అని. చొక్కా ఊడదీయించి, బూట్లు పీకించి, గేదెలు తాగే సిమెంటు తొట్టిలో నీళ్ళు బకెట్లతో పోయించింది. పోస్తూ ఉంటే బావ శుభలేఖల అట్టపెట్టె మూతతో విసురుతూ ఉన్నాడు. 108 వచ్చేసరికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. అన్ని నీళ్ళు పోశాక కూడా నా ఒళ్ళు 104 ఉందట. ఆస్పత్రిలో డాక్టరుగారు రెండ్రోజులు సెలైన్లు పెట్టి, కిడ్నీ పరీక్షలు చేయించి, చివర్లో బావతో అన్న మాట ఒకటే: మీరు నేరుగా ఇక్కడికి మోసుకొచ్చి ఉంటే ఈ పరీక్షలతో పోయేది కాదు, దార్లో చల్లార్చారు కాబట్టి బతికాడు. ఆ వార్డులో ఫ్యాను తిరగలేదు, అది వేరే సంగతి. అక్క పగలంతా విసనకర్రతో విసురుతూ కూర్చుంది.

అందుకే నేను అందరికీ చెప్పేది, దాహం వేస్తోందా, చెమట ఆగిందా అని చూస్తూ కూర్చోకండి. కష్టపడి పని చేస్తూ పడిపోయేవాళ్ళకి చెమట ధారగా కారుతూనే ఉండొచ్చు, నాకూ అంతే. మాట చూడండి. పక్కవాడు ఉన్నట్టుండి విసుక్కున్నా, పొంతన లేకుండా మాట్లాడినా, నడక తూలినా, తాగాడేమో అనుకోవద్దు. నీడకి లాగి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి విసరండి. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో పెట్టండి, 108కి చెయ్యండి. స్పృహలో ఉండి సరిగ్గా మింగగలిగితేనే తాగించండి. ఇందులో కష్టమేంటంటే ఎండ ముందు మన బుర్రనే దెబ్బ కొడుతుంది, కాబట్టి మనకి బాలేదని మనకే తెలియదు. ఒంటరిగా తిరిగే ఉద్యోగమైతే గంటకోసారి ఇంటికో స్నేహితుడికో ఫోన్ చేసి రెండు ముక్కలు మాట్లాడండి. తేడా వాళ్ళకి తెలుస్తుంది. ఇది ఏ పుస్తకంలోనూ చదివింది కాదు, నా సొంత కనిపెట్టుడు, పని చేస్తుందని గట్టిగా నమ్ముతాను.

జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదని మా వైపు సగంమంది నమ్ముతారు. ఉల్లిపాయ పచ్చిమిరపకాయతో చద్దన్నంలోకి నంజుకోవడానికే బాగుంటుంది.

ఇంకోటి, టీవీలో 46 అన్నారంటే అది నీడలో లెక్క. వాతావరణ శాఖ వాళ్ళ థర్మామీటరు గాలి ఆడేలా కట్టిన తెల్ల చెక్కపెట్టెలో, నేలకి నాలుగైదు అడుగుల ఎత్తున ఉంటుంది. మీరు నిలబడేది తారు రోడ్డు మీద, నెత్తిన సూర్యుడు, కింద రోడ్డు సెగ. కాబట్టి "నిన్న 46కే తిరిగాను, ఇవాళ 44 కదా" లాంటి లెక్కలు వేయకండి. బందరు, విశాఖ లాంటి సముద్రం పక్క ఊళ్ళవాళ్ళు తమకి 40 దాటలేదని సంబరపడక్కర్లేదు, ఆ ఉక్కలో చెమట పడుతుందే గానీ ఆరదు, చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడేది. వాతావరణ శాఖ కూడా వడగాలి అనడానికి మైదానాల్లో 40 చూస్తే, కోస్తాలో 37 నుంచే లెక్కలోకి తీసుకుంటుంది.

మా బావకి ఏం కాకుండా నాకే ఎందుకయింది అంటే తువ్వాలు ఒక్కటే కారణం కాదు. నేను మూడేళ్ళుగా హైదరాబాద్‌లో ఏసీ ఆఫీసులో కూర్చుని, రెండ్రోజుల ముందే ఊరికి దిగాను. ఒళ్ళు ఎండకి అలవాటు పడాలంటే వారం నుంచి రెండు వారాలు కావాలి. మీరు ఉద్యోగంలో కొత్తగా చేరి ఉంటే, లేదా సెలవు మీద వెళ్ళొచ్చి ఉంటే, మొదటి నాలుగు రోజులు మధ్యాహ్నం పని సగానికి తగ్గించమని మేనేజర్ని అడగండి. ఒప్పుకోడు, అయినా అడగండి. ఇంట్లో పెద్దవాళ్ళెవరన్నా బీపీకి నీరు పోయే మాత్ర వేసుకుంటుంటే వేసవికి డోసు మార్చాలేమో డాక్టరునే అడగండి, సొంతంగా మానేయొద్దు.

తాగడం గురించి. లీటరు నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలుపుకోండి, చిన్న చెంచాతోనే. లేదా మందుల షాపులో ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ కొని, దాని మీద రాసినన్ని నీళ్ళల్లో మొత్తం ఒకేసారి కలపండి. డబ్బాల్లో రంగు రంగుల జ్యూసులకి ఓఆర్ఎస్ అని పేరు పెట్టి ఏళ్ళ తరబడి అమ్మారు. నేనూ కొన్నాను, చక్కెర పాకం లాగా ఉండేది. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దాని మీద ఏళ్ళకేళ్ళు పోరాడితే 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశాలిచ్చింది. ఆవిడకి మనమందరం ఒక దణ్ణం బాకీ.

మీది డెలివరీ ఉద్యోగమేమో మీరు రాయలేదు. అయితే మాత్రం పెద్ద అపార్ట్‌మెంట్ల వాళ్ళకి ఇక్కడే ఒక మాట: మే నెలలో ఐదో అంతస్తుకి పార్సిల్ తెప్పించుకుని, తెచ్చినవాణ్ణి లిఫ్ట్ ఎక్కొద్దనే సొసైటీ నోటీసు చూశాను నేను. పక్కనే ఇంకో నోటీసు, పక్షులకి నీళ్ళు పెట్టండి అని.

నీడ అంటే గుర్తొచ్చింది, నేను పడిన ఆ వేపచెట్టు ఇప్పుడు లేదు. రోడ్డు వెడల్పు చేశారు, అటూ ఇటూ చింతచెట్లు కూడా పోయాయి. బదులుగా బస్‌షెల్టర్ కట్టారు, రేకుల కప్పు, స్టీలు బెంచీ. మధ్యాహ్నం దాని మీద కూర్చుంటే దోసె కాలినట్టే.

పోయినేడు మేలో మా బాబాయి కూతురి పెళ్ళి, మళ్ళీ కార్డులు పంచే పని నాకూ బావకే పడింది. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకి ఆపేశాం, మళ్ళీ ఐదు తర్వాతే. నూలు చొక్కా, తడి తువ్వాలు, చెప్పులు. మూడ్రోజులెక్కువ పట్టింది. ప్రతి ఇంట్లో గడపలోనే చెప్పేశాను, "టీ పెట్టొద్దండీ, మజ్జిగుంటే ఉప్పేసి ఇవ్వండి" అని. మా చిన్నత్త అప్పటికే పొయ్యి మీద పాలు పెట్టేసిందట, ఆ కోపం ఇంకా పోలేదు, నేనొస్తున్నానంటే వంటింట్లోకి వెళ్ళిపోతుంది. మజ్జిగ మాత్రం చల్లగా, కరివేపాకు వేసి, భలే ఇచ్చింది.