ఫైల్ చెరిపేశామనుకుంటాం, ఎస్‌ఎస్‌డీ దాచుకుంటుంది

ప్రశ్న: ఒకే ఎక్సెల్ ఫైల్‌ను రోజూ వందసార్లు సేవ్ చేస్తుంటాను. ఒకే చోట పదేపదే రాస్తే ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందా? ల్యాప్‌టాప్ అమ్మేముందు ఫైళ్లను ష్రెడర్‌తో (ఫైళ్లను తిరిగి రాకుండా చెరిపేస్తామనే సాఫ్ట్‌వేర్) 35 సార్లు ఓవర్‌రైట్ చేద్దామనుకుంటున్నా, అంటే వాటి మీదే చెత్త డేటా రాయిద్దామని. అప్పుడు డ్రైవ్ పాడవుతుందేమోనని భయం.

అరుగుదల గురించి ఇలాంటి ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి. మీరు ఒకే చోట రాయడం లేదు. ఎస్‌ఎస్‌డీ అంటే ఫ్లాష్ మెమరీ అనే చిప్‌లలో డేటా దాచే డ్రైవ్. ఆ ఫ్లాష్ మెమరీలో రాసినదాని మీదే మళ్లీ రాయడం కుదరదు. పలక మీద ఒక్క అక్షరం తుడిచే వీలు లేక పలకంతా ఒకేసారి తుడవాల్సి వచ్చినట్టు, అక్కడ పేజీలనే చిన్న గదులు వందలకొద్దీ ఉన్న బ్లాక్ మొత్తాన్నీ చెరపాలి. అందుకే డ్రైవ్‌ను నడిపించే కంట్రోలర్ చిప్ కొత్త వెర్షన్‌ను ఇంకో ఖాళీ పేజీలో రాసి, పాతదాన్ని ‘పనికిరానిది’ అని గుర్తు పెట్టుకుంటుంది. అరుగుదల డ్రైవంతా పంచుకుంటుంది.

5 ఎంబీ ఫైల్‌ను వందసార్లు సేవ్ చేస్తే రోజుకు అర జీబీ. 1 టీబీ డ్రైవ్‌లు చాలావాటికి 600 టీబీ వరకు రాయొచ్చని తయారీదారులే హామీ ఇస్తారు. లోపల అసలు రాత దీనికి కొన్ని రెట్లు ఉన్నా, మీ ఎక్సెల్ వల్ల వందల ఏళ్లకు గానీ ఆ లెక్క పూర్తి కాదు. నాలుగేళ్లుగా రోజూ వాడుతున్న నా డ్రైవ్‌లో ‘పర్సంటేజ్ యూజ్డ్’ (ఆయుష్షులో ఎంత శాతం అయిపోయిందో చెప్పే) అంకె ఇంకా 4 దగ్గరే ఉంది. డ్రైవ్‌ను కిక్కిరిసేలా నింపకండి, చాలు.

నన్ను కలవరపెట్టింది మీ రెండో మాట. ఆ 35 సార్ల పద్ధతి 1996 నాటిది, అప్పటి హార్డ్ డిస్కుల కోసం పుట్టింది. ఎస్‌ఎస్‌డీలో ష్రెడర్ రాసే చెత్తంతా కొత్త పేజీల్లోకి వెళ్తుంది. మీ బ్యాంకు వివరాలున్న పాత పేజీ, కంట్రోలర్ దాన్ని శుభ్రం చేసేదాకా, అలాగే పడి ఉంటుంది. 2011లో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు చిప్‌లను నేరుగా చదివి చూస్తే, విడి ఫైళ్లను ఓవర్‌రైట్ చేసే పద్ధతుల్లో ఒక్కటీ పూర్తిగా పనిచేయలేదు. అంతకంటే ఘోరం, లోపల డేటా ఉండగానే ‘చెరిపేశాను’ అని జవాబిచ్చిన డ్రైవ్ కూడా వాళ్లకు కనిపించింది.

ఇంత తెలిశాక కూడా ‘సురక్షితంగా తొలగించు’ అనే బటన్ పెట్టి, ఎస్‌ఎస్‌డీ అని తెలిసినా హెచ్చరించని సాఫ్ట్‌వేర్‌ను ఇంకా అమ్ముతున్నారంటే అది నిర్లక్ష్యం కాదు, మోసం. డ్రైవ్‌ను మదర్‌బోర్డుకే అతికించేసే సన్నటి ల్యాప్‌టాప్‌లు ఇంకో తలనొప్పి. తీసి దాచుకుందామన్నా వీలుండదు. కనీసం డిస్క్ ఎన్‌క్రిప్షన్‌ను (డిజిటల్ తాళం లేనిదే చదవలేని సంకేతాలుగా డేటాను మార్చడం) ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ మొదటిరోజే ఆన్ చేసి ఇవ్వాలి కదా! అప్పుడు తాళం చెరిపితే చాలు, మిగిలిన పేజీలు ఎవరి చేతికొచ్చినా అర్థం లేని అంకెలే.

మీరు ఇప్పుడైనా ఖాళీ స్థలంతో సహా డ్రైవ్ మొత్తాన్నీ ఎన్‌క్రిప్ట్ చేయండి. ముందు బ్యాకప్ తీసుకోండి, రికవరీ కీని వేరేచోట దాచుకోండి. ఆ తర్వాత ఫైళ్ల వారీగా కాకుండా కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే బయోస్ సెట్టింగుల్లోనో, తయారీదారు ఇచ్చిన టూల్‌లోనో ఉండే ‘సెక్యూర్ ఎరేజ్’ లేదా ‘శానిటైజ్’ వాడండి. అందులో ఇతరుల వైద్య, ఆర్థిక రికార్డులు ఉంటే మాత్రం డ్రైవ్‌ను తీసి మీ దగ్గరే ఉంచుకుని, ల్యాప్‌టాప్‌ను అది లేకుండానే అమ్మండి.