మిల్లు మూతపడ్డ ఊళ్లో ఫోటో తీయడానికి ఏముంటుంది?

"మాది ఒకప్పుడు మిల్లు నడిచిన ఊరు. కోటలూ గుళ్లూ లేవు. ఊరికే వీధులు, పాత ఇళ్లు ఫోటోలు తీసుకుంటూ పోతే ఏమైనా ఉపయోగం ఉంటుందా? ఏ కెమెరా కొనాలి?" అని అడిగారు.

మాది వరంగల్. మాకు కోటా ఉంది, పక్కనే హనుమకొండలో వేయిస్తంభాల గుడీ ఉంది. మా ఖర్మ కూడా అదే. మెడలో కెమెరా కనిపిస్తే చాలు, "కోటకు పోతున్నవా?" అంటారు. గిర్మాజీపేట గల్లీలోకి పోతున్నానంటే ఒంట్లో బాగా లేదేమో అన్నట్టు చూస్తారు. కాకతీయుల తోరణాన్ని ఇప్పటికి ఎన్ని లక్షల సార్లు తీసుంటారో ఆ తోరణానికే తెలియాలి. పెళ్లికి ముందు జంటలు పొగ డబ్బాలు పట్టుకుని వచ్చి అక్కడే దిగుతున్నారు. ఏడొందల ఏళ్లు నిలబడిన రాయి ఎక్కడికీ పోదు. పోయేవి వేరే ఉన్నాయి.

ఆజంజాహి మిల్లు పోయింది కదా. నిజాం ఉస్మాన్ అలీఖాన్ హయాంలో 1934లో పెట్టారు, ఆయన పెద్దకొడుకు ఆజంజా పేరు మీద. 2002లో మూతపడింది. ఆ జాగాలో కొంత ఇప్పుడు ఓ సిటీ అనే ప్లాట్లయింది. విచిత్రం ఏమిటంటే మిల్లు లేకున్నా మిల్స్‌కాలనీ పోలీస్ స్టేషన్ మాత్రం అదే పేరుతో నడుస్తోంది. ఈ మిల్లు గురించి ఎవరు రాసినా సైరన్ గురించే రాస్తారు, ఊరంతా ఆ సైరన్ విని గడియారం సరిచేసుకునేదని. సరే, నిజమే. కానీ షిఫ్ట్ వదిలాక ఇంతమంది ఏ దారిన నడిచేవాళ్లు, ఏ హోటల్లో ఆగేవాళ్లు, సైకిళ్లు ఎక్కడ పెట్టేవాళ్లు? అవి ఫోటోలో చూపించమంటే చూపించేవాళ్లు లేరు.

మా బాపు అందులోనే స్పిన్నింగులో పనిచేశాడు. మా ఇంట్లో ఆయన ఫోటోలు మూడున్నాయి. ఒకటి పెళ్లిది, ఒకటి స్టూడియోలో తాజ్‌మహల్ పరదా ముందు దిగింది, ఇంకొకటి గుర్తింపు కార్డు మీదిది. జీవితంలో చూడని తాజ్‌మహల్ ముందు ఉన్నాడు గానీ రోజూ చూసిన మిల్లు గేటు ముందు ఒక్కటీ లేదు. ఆ రోజుల్లో రీలు ఖరీదు, ఒప్పుకుంటాను. ఇప్పుడు ప్రతి జేబులోనూ కెమెరా ఉంది కదా, తీస్తున్నది ఏమిటి? బిర్యానీ ప్లేటు.

ఉపయోగం ఉంటుందా అన్నారు కాబట్టి నాకు జరిగింది చెబుతాను.

2020 ఫిబ్రవరి, మేడారం జాతర రోజులు. పొద్దున ఏడుగంటలప్పుడు మా పాత బస్తీలో ఒక గల్లీలో ఉన్నాను. ఒక గూన ఇల్లు, డంగు సున్నం గోడ, నీలం రంగు దర్వాజ, ముందు శాబాదు బండల అరుగు. కూర్చుని కూర్చుని అరుగు అంచు నున్నగా అరిగిపోయింది. ఏటవాలు ఎండ పడితే ఆ అరుగుదల అద్దంలా మెరిసింది. నాలుగు తీశానో లేదో లోపలినుంచి ఒక ముసలమ్మ చీపురు పట్టుకునే వచ్చింది.

"ఎవలు బిడ్డా నువ్వు? రోడ్డు వెడల్పుకు కొలతలు తీసుకపోను వచ్చినవా?"

"లేదమ్మా, ఊకెనే, అరుగు మంచిగుందని తీస్తున్న."

"అరుగు మంచిగుండుడేంది? మంచిగున్నది తీసుకపోయి ఎవలకు చూపెడ్తవ్?"

ఫోన్‌లో చూపిస్తే గానీ నమ్మలేదు. చూసింది, తన చీపురు ఫోటోలో పడిందని నవ్వింది. మా జనానికి ఈ భయం ఊరికే రాలేదు. గల్లీలోకి ఎవడైనా వచ్చి ఇంటి ఫోటో తీశాడంటే తర్వాత వచ్చేది పన్ను పెంచిన కాగితమో, గోడ మీద ఎర్ర గుర్తో అని వాళ్ల అనుభవం. అందుకే నేను ముందు మాట్లాడతాను, తర్వాత తీస్తాను. చాటుగా తీసి అదేదో కళ అని చెప్పుకునేవాళ్లంటే నాకు గిట్టదు.

ఇంతకీ ఆ ఇంటి పక్కన కిరాణా కొట్టు. జాతర కదా, నిలువెత్తు బంగారం, అంటే మొక్కుకున్న మనిషి బరువంత బెల్లం, తూకానికి కొట్టు ముందు బెల్లం ముద్దలు గుట్టగా పోసి, పెద్ద త్రాసు వేలాడదీశారు. పైన ఎవరో లీడర్ కట్టించిన ఫ్లెక్సీ, మేడారం జాతర 2020 శుభాకాంక్షలు అని, అమ్మవార్ల కన్నా ఆయన ముఖమే పెద్దగా. ఫ్లెక్సీలంటే నాకు ఒళ్లు మంట. ఊళ్లో ఒక్క పాత గోడనైనా కనబడనిస్తారా! అందుకని ఒంగి, పక్కకు జరిగి, ఫ్లెక్సీ, త్రాసు, బెల్లం ఏవీ రాకుండా అరుగు వరకే తీసిన ఫోటో దాచుకున్నాను. అన్నీ పడ్డది ఒకటుంటే కొట్టాయన "నేను పడ్డ, నాకు పంపు" అన్నాడని వాట్సాప్‌లో పంపి, చెత్త అని నా ఫోన్‌లోంచి తీసేశాను.

రెండేళ్ల తర్వాత ఆ ముసలమ్మ కొడుకు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. "అన్నా, మా అరుగు ఫోటో నీ దగ్గరున్నదట." కాలువ పనులప్పుడు అరుగు కూలిపోయింది. తిరిగి కట్టుకుందామంటే ఎదురింటాయన అడ్డం పడ్డాడు. అసలు ఆ అరుగు పాతది కాదు, లాక్‌డౌన్‌లో ఎవరూ చూడకుండా గల్లీ జాగాలోకి జరిపి కట్టారని ఆయన వాదన. నేను గర్వంగా నా కళాఖండం తీసి ఇచ్చాను. పెద్దమనుషులు చూసి, "అరుగైతే ఉన్నది, ఇది ఎప్పటిది?" అన్నారు. ఫోన్ మార్చినప్పుడు అసలు ఫైలు పోయింది, మిగిలింది వాట్సాప్ కాపీ. అందులో తీసిన తేదీ ఉండదు. అరుగు, దర్వాజ, ఎండ తప్ప ఆ ఫోటోలో ఇంకేమీ లేదు. ఏ సంవత్సరమైనా కావచ్చు.

చివరికి పంచాయితీ తీర్చింది కొట్టాయన ఫోన్‌లో ఉన్న ఆ చెత్త ఫోటో. ఫ్లెక్సీ మీద సంవత్సరం ఉంది. బెల్లం గుట్ట నెల చెప్పింది, ఎందుకంటే జాతర దాటాక అంత బెల్లం ఎవరూ బయట పోయరు. మళ్లీ జాతర రెండేళ్లకు గానీ రాదు. లాక్‌డౌన్ మొదలైంది మార్చిలో. ఎదురింటాయన ఫోటోను ఇటు తిప్పి అటు తిప్పి చూసి, "సరే తియ్" అని లేచిపోయాడు.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. అందంగా ఒకటి తీస్తాను, నాలుగడుగులు వెనక్కి వెళ్లి కరెంటు తీగలు, ఫ్లెక్సీలు, ఆటో, పక్క కొట్టు బోర్డు అన్నీ పడేలా ఇంకొకటి తీస్తాను. రెండోదే అసలుది. ఫోన్ నిటారుగా పట్టుకోండి, పైకి వంచితే గోడలు వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి. అసలు ఫైళ్లు గల్లీ పేరుతో ఫోల్డర్ చేసి వేరే చోట దాచండి. ఎవరికైనా పంపాలంటే వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి. ఫిల్టర్లు మాత్రం వద్దు, మా ఊరి సున్నం గోడకు నారింజ రంగు వేసే హక్కు ఎవరికీ లేదు.

కెమెరా సంగతి మర్చిపోయాను. కొనకండి. ఉన్న ఫోన్ చాలు, ఆ డబ్బుతో ప్రింట్లు వేయించి ఆ ఇళ్లవాళ్లకే ఇవ్వండి.

అరుగు మళ్లీ కట్టారు, ఈసారి గ్రానైటుతో, చూడలేక చస్తున్నాను. ముసలమ్మ కొడుకు పాత ఫోటో పెద్దది చేయించి ఇంట్లో పెట్టుకుంటానన్నాడు. ఏది కావాలంటే పంచాయితీ గెలిపించిందే కావాలన్నాడు. సరే, ఇస్తానన్నాను. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "అన్నా, ఆ ఫ్లెక్సీ ఒక్కటి తీసేసి ఇయ్యరాదే" అన్నాడు.