ముఖం బిగుతుకు లక్షన్నర: ఈఎంఐనా, చీటీనా, ఎఫ్‌డీనా?

ప్రశ్న: నా వయసు 47. గుంటూరులో ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని, జీతం 48 వేలు. మావారికి 70 వేలు. దవడ కింద, బుగ్గల దగ్గర చర్మం జారినట్టు కనిపిస్తోంది. విజయవాడలో ఒక క్లినిక్‌లో ఆపరేషన్ లేకుండా బిగుతు చేస్తామన్నారు. హైఫూ ఒక సిట్టింగ్ 65 వేలు, దారాలతో లిఫ్ట్ 85 వేలు, మొత్తం 1.5 లక్షలు. నెలకు 12,500 చొప్పున 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ. ఒకేసారి కడితే 1.35 లక్షలే. దీపావళి లోపు చెప్పమంటున్నారు. మాఘంలో మా అన్నయ్య కూతురి పెళ్లి. ఇంటి లోన్ ఈఎంఐ 27 వేలు, అమ్మాయి ఫీజు, హాస్టల్ కలిపి నెలకు 18 వేలు, ఇంటి ఖర్చు 38 వేలు, చీటీ 10 వేలు, మ్యూచువల్ ఫండ్ సిప్ 5 వేలు. 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. 3 లక్షల చీటీ ఇంకా పాడుకోలేదు. మావారు దండగ అంటున్నారు. ఏ డబ్బుతో చేయించుకోమంటారు?

జవాబు: చేయించుకోవచ్చా అని కాకుండా ఏ డబ్బుతో అని అడిగారు, సంతోషం. మొదటిది నేను చెప్పాల్సింది కాదు. నాకూ 53 ఏళ్లు, 14 ఏళ్లుగా జుట్టుకు రంగు వేయించుకుంటున్నాను. మొదటిసారి 400 రూపాయలు ఇచ్చి, అదొక్కసారి ఖర్చే అనుకున్నాను. ఇప్పుడు నెలకు 900. మానేస్తే మూడో వారానికి పాపిట తెల్లగా కనిపిస్తుంది, కాబట్టి మానలేను. మీ ప్యాకేజీని కూడా అలాగే చూడండి. 1.5 లక్షలు దాని ధర కాదు, మొదటి ఏడాది చందా.

హైఫూ అంటే అల్ట్రాసౌండ్‌ను చర్మం లోపల ఒక లోతులో కేంద్రీకరించి వేడి పుట్టించడం. ఆ వేడికి చర్మాన్ని పట్టి ఉంచే ప్రొటీన్, అంటే కొలాజెన్, కొత్తగా తయారవుతుంది, బిగుతు దాని వల్లే. ఇది మెల్లగా జరిగే పని, ఫలితం తెలియడానికి 2, 3 నెలలు పడుతుంది. ఉండేది సుమారు ఏడాది, కొందరికి కాస్త ఎక్కువ. చర్మం కింద గుచ్చి పైకి లాగే, తర్వాత కరిగిపోయే దారాలదీ దాదాపు అదే లెక్క. తర్వాత ఎవరైనా ముడతలకు వేసే బొటాక్స్ ఇంజెక్షన్ కూడా కలుపుదామంటే అది 3, 4 నెలల ముచ్చట. సర్జరీతో వచ్చేంత మార్పు వీటిలో దేనితోనూ రాదు, ఆ సంగతి క్లినిక్ వాళ్లే ఒప్పుకోవాలి.

ఇప్పుడు మీ అంకెలు చూద్దాం. ఏడాదికి మీరు సిప్‌లో వేస్తున్నది 60 వేలు. ఒక్క హైఫూకి అడుగుతున్నది 65 వేలు. మీకు పెన్షన్ లేని ఉద్యోగం. ఈ చికిత్సను ఏటా కొనసాగిస్తే వృద్ధాప్యం కన్నా ముఖానికి ఎక్కువ పొదుపు చేస్తున్నట్టు. తప్పో ఒప్పో తర్వాత, ముందు ఆ సంగతి మీకు తెలిసి ఉండాలి.

నో కాస్ట్ ఈఎంఐ మాటకొస్తే, సున్నా వడ్డీ అనేదే లేదని ఆర్‌బీఐ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. మీ ఉత్తరంలోనే సాక్ష్యం ఉంది. ఒకేసారి కడితే 1.35 లక్షలు, వాయిదాల్లో 1.5 లక్షలు. ఆ 15 వేలు వడ్డీ కాక మరేమిటి? అప్పు నెలనెలా తగ్గుతూ పోతుంది కాబట్టి, లెక్క కడితే ఇది ఏడాదికి దాదాపు 20 శాతం వడ్డీ. దానికి తోడు మీరు పంపిన కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ప్రాసెసింగ్ ఫీజు 2,499, దాని మీద జీఎస్టీ అని ఉంది. అది కలిపితే 24 శాతం దాటుతుంది. మీ ఇంటి లోన్ వడ్డీతో పోల్చుకోండి. ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే ఇలాంటి అప్పులకు, వార్షిక ఖర్చు మొత్తం ఎంత శాతమో రాసిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వడం 2024 అక్టోబర్ 1 నుంచి తప్పనిసరి. సంతకానికి ముందే అడిగి తీసుకోండి.

అదే కాగితంలో 'పన్నులు అదనం' అని కూడా ఉంది. వైద్యానికి ఉన్న జీఎస్టీ మినహాయింపు అందం కోసం చేసే ప్రక్రియలకు రాదు. 18 శాతం పడితే 1.5 లక్షల మీద మరో 27 వేలు. ధర అడిగితే పన్నుతో కలిపి ఎంతో చెప్పమనండి.

చీటీ జోలికి వెళ్లకండి. పోయిన నెల పాటలో ఎవరో 52 వేలు వదులుకుని పాడుకున్నారని రాశారు. లక్షన్నర అవసరానికి 3 లక్షల చీటీ పాడి అంత పోగొట్టుకోవడం ఏం లెక్క? చేతిలో మిగిలినది కూడా నిలవదు, అది నా అనుభవం. ఆ చీటీ అమ్మాయి చివరి ఏడాది ఫీజుకి అనుకున్నారు కదా, అక్కడే ఉండనివ్వండి.

ఎఫ్‌డీ తీస్తే పోయేది కాస్త వడ్డీనే, ఖర్చు పరంగా మూడింటిలో ఇదే చవక. అయినా వద్దంటాను. సిప్ ఆపేసినా మీ ఇంటికి నెలకు 93 వేలు కావాలి, ఆ 4 లక్షలు నాలుగు నెలలకు కొంచెం ఎక్కువ, అంతే. ప్రైవేటు కాలేజీలో జీతాలు ఆలస్యమవడం మీకు నేను చెప్పాలా?

మరి ఏ డబ్బు? ఖర్చులు, సిప్ పోను మీ ఇద్దరి దగ్గర నెలకు 20 వేలు మిగులుతోంది. అందులోంచి 6,500 మీ పేరు మీద రికరింగ్ డిపాజిట్ వేయండి. ఏడాదికి 78 వేలు, వడ్డీ అదనం. 18 శాతం పన్ను కలిపినా హైఫూ ఒక సిట్టింగ్ 76,700, సరిపోతుంది. దారాలు ఇప్పుడొద్దు. ఒకటి చేయించుకుని, నాలుగు నెలలు ఆగి, అద్దంలో తేడా ఆ డబ్బుకు తగ్గట్టు ఉందనిపిస్తే రెండోదాని గురించి ఆలోచించవచ్చు. రెండూ ఒకేసారి చేయిస్తే దేని వల్ల ఎంత వచ్చిందో మీకూ తెలియదు.

అలాగైతే మాఘం పెళ్లికి అందదు, నిజమే. పెళ్లికి ఒక చర్మవ్యాధుల డాక్టర్‌కి కన్సల్టేషన్ ఫీజు కట్టి చూపించుకోండి. ఆయన రాసిచ్చే క్రీములు, సన్‌స్క్రీన్‌తో నాలుగైదు వేలలో అయిపోతుంది. ప్యాకేజీ అమ్మే మనిషి కాకుండా వేరే డాక్టర్ అయితే, మీకు అసలు హైఫూ అవసరమో కాదో కూడా మొహమాటం లేకుండా చెబుతారు. సన్నటి ముఖాల్లో ఉన్న కొవ్వు కూడా హైఫూతో కరిగి బుగ్గలు పీక్కుపోయే ప్రమాదముంది, అడగండి. దీపావళి గడువును పట్టించుకోకండి. సంక్రాంతికి ఇంకో ఆఫర్ పెడతారు.

ఎప్పుడు చేయించుకున్నా సిట్టింగ్‌కు సిట్టింగ్ డబ్బు కట్టండి. నా దగ్గరకు వచ్చే ఒకావిడ ఆరు సిట్టింగులకు ఫైనాన్స్ కంపెనీ ద్వారా కట్టారు. రెండు అయ్యాక క్లినిక్ మూతపడింది. అప్పు ఇచ్చింది క్లినిక్ కాదు కాబట్టి ఈఎంఐ మాత్రం ఆగలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయించాను, ఫిర్యాదు నమోదైంది, డబ్బు ఇంకా రాలేదు. మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో బిల్లు మీదే రాయించుకోండి. మిషన్ పట్టుకునేది ఎవరు, డాక్టరా టెక్నీషియనా, డాక్టరైతే మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత అని అడగడంలో తప్పులేదు. ఎందుకంటే ఆరోగ్య బీమా దీనికి పనికిరాదు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ లాంటి వాటి తర్వాత చేసే పునర్నిర్మాణం తప్ప కాస్మెటిక్ సర్జరీని పాలసీలు మినహాయిస్తాయి. హైఫూ వల్ల చర్మం కాలినా, నరం దెబ్బతిన్నా క్లెయిమ్ తిరస్కరించే అవకాశమే ఎక్కువ, ఆ ఖర్చు మీ జేబులోంచే.

చివరగా, మీవారి 'దండగ' గురించి. పోయిన ఏడాది ఆయన మిమ్మల్ని అడక్కుండా 68 వేలు పెట్టి టీవీ మార్చారని మీ ఉత్తరం రెండో పేజీలో ఉంది. అప్పుడు ఆ మాట ఎవరూ అనలేదు. మీ నెలకు 6,500 మీ జీతంలోంచే వెళుతుంది, ఇంటి ఖర్చుకు గానీ అమ్మాయి ఫీజుకు గానీ తగలదు. ఈ జవాబు ఆయనతో కూడా చదివించండి, టీవీ ఆపాక.