పాత కంప్యూటర్‌కి ఫార్మాట్ కొట్టి కొత్తగా ఓఎస్ వేస్తే స్పీడ్ పెరుగుతుందా?

మీరు అడిగింది ఇది: నాన్నగారు వాడిన 2012 నాటి డెస్క్‌టాప్ ఉంది, విండోస్ 7, 4 జీబీ ర్యామ్, ఆన్ అవడానికే పది నిమిషాలు పడుతోంది, మొత్తం తుడిచేసి మళ్ళీ ఓఎస్ (కంప్యూటర్‌ని నడిపే విండోస్ లాంటి ప్రోగ్రామ్) వేసి బాబుకి చదువుకోవడానికి ఇద్దామనుకుంటున్నాను, ఏది వేస్తే మంచిది అని.

స్పీడ్ పెరుగుతుంది. ఏ ఓఎస్ వేయాలో కూడా చెబుతాను. కానీ మీ ప్రశ్నలో నేను ఆగిపోయింది ‘నాన్నగారు వాడిన’ అన్న మాట దగ్గర. అందులో ఏమేం ఉన్నాయో ఆయన్ని అడిగారా? అడగకపోతే దయచేసి ఈ పని ఇవాళ మొదలుపెట్టకండి.

తెనాలిలో మా బాబాయికి చిన్న డీటీపీ సెంటర్ ఉండేది. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, అన్నీ ఆయనే టైప్ చేసేవాడు. 2017లో షాపు తీసేశాక ఆ సిస్టమ్‌ని ఇంటికి తెచ్చుకుని ముందు గదిలో పెట్టుకున్నాడు. రెండో తరం ఐ3 ప్రాసెసర్, 500 జీబీ హార్డ్ డిస్క్, సి, డి, ఇ అని మూడు భాగాలు. 2020 జనవరి 14తో విండోస్ 7కి సపోర్ట్, అంటే మైక్రోసాఫ్ట్ ఇచ్చే భద్రతా అప్‌డేట్లు, ఆగిపోయింది. సరిగ్గా ఆ రోజే భోగి. నేను పండక్కి వెళ్ళి ఉన్నాను. తెల్లవారుజామున భోగిమంట వేసి వచ్చి, ‘బాబాయ్, దీన్ని కూడా ఇవాళ కొత్తది చేసేద్దాం’ అన్నాను. ఆయన సరేరా అని బజారుకెళ్ళాడు. నేను విండోస్ 10 పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని కూర్చున్నాను.

డి, ఇ డ్రైవ్‌లు రెండూ బయటి డిస్క్‌లోకి కాపీ చేశాను. మన దగ్గర కంప్యూటర్ వాడేవాళ్ళలో చాలామందికి ఒక నమ్మకం ఉంటుంది, సి లో విండోస్ ఉంటుంది, మన సరుకంతా డి లో ఉంటుంది, కాబట్టి సి కి ఫార్మాట్ కొట్టినా ఏమీ కాదని. ఇది నూటికి నూరుపాళ్ళు తప్పు. మామూలుగా డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవీ, మై డాక్యుమెంట్స్‌లో ఉన్నవీ, డౌన్‌లోడ్ చేసినవీ అన్నీ సి లోనే ఉంటాయి. నాకు ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా డెస్క్‌టాప్ నిండా ఉన్న నలభై యాభై ఐకాన్లు చూసి అన్నీ షార్ట్‌కట్లే అనుకున్నాను. ఒక్కొక్కటీ తెరిచి చూడలేదు. మధ్యాహ్నానికి విండోస్ 10 ఎక్కింది, సాయంత్రానికి అప్‌డేట్లు కూడా పూర్తయ్యాయి.

మర్నాడు సంక్రాంతి పొద్దున ముగ్గులో గొబ్బెమ్మలు పెడుతూ పిన్ని కేకేసింది. ‘ఒరేయ్, మీ నాయనమ్మ గొబ్బి పాట ఒకటి ప్రింట్ తీసి పిల్లల చేతికివ్వరా, మీ బాబాయి కంప్యూటర్లో ఉంటుంది.’ వెతికితే డి లో లేదు, ఇ లో లేదు. బాబాయి వచ్చి, ‘ఎదురుగానే ఉంటుంది కదరా, అమ్మ అని ఫోల్డర్’ అన్నాడు. అది డెస్క్‌టాప్ మీద ఉన్న ఫోల్డర్.

మా నాయనమ్మ 2015లో పోయింది. అంతకుముందు రెండేళ్ళు షాపు కట్టేసి వచ్చాక బాబాయి రోజూ రాత్రి ఆవిడ మంచం పక్కన కూర్చుని పాడించుకుని కాగితం మీద రాసుకుని, మర్నాడు షాపులో టైప్ చేసేవాడట. గొబ్బి పాటలు, తలంబ్రాల పాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు, మొత్తం 47. టైప్ చేశాక ఇంక ఎందుకులే అని కాగితాలు పారేశాడు. ఈ సంగతులన్నీ నాకు తెలిసింది ఆ రోజే.

ఆయన నన్ను తిట్టలేదు. ‘పోనీలేరా, ముందు తిందాం రా, గారెలు చల్లారిపోతాయి’ అన్నాడు. నాకు ముద్ద దిగలేదు.

అప్పుడు నేను చేసిన ఒకే ఒక్క మంచి పని వెంటనే ప్లగ్ పీకేయడం. ఎందుకో చెబుతాను, ఇది అందరికీ అవసరం. విండోస్ వేసేటప్పుడు మనం నొక్కే ఫార్మాట్ నిజానికి డిస్క్‌ని తుడవదు. పుస్తకంలో విషయసూచిక చింపేసినట్టు, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికను మాత్రమే కొత్తగా రాస్తుంది. పేజీలు అలాగే ఉంటాయి, వాటి మీద ఇంకేదైనా రాసేదాకా. మనం ఆ కంప్యూటర్‌ని వాడే ప్రతి నిమిషం ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. అందుకని పోయిందని తెలియగానే ఆపేయాలి, అందులోనే రికవరీ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేయడం లాంటి పని అస్సలు చేయకూడదు.

డిస్క్ ఊడదీసి, ఒక స్నేహితుడి దగ్గర కేబుల్ తెచ్చి నా ల్యాప్‌టాప్‌కి తగిలించి ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపాను. పేరులో ఫోటో ఉన్నా అది వర్డ్‌లో చేసిన డాక్ ఫైళ్ళు కూడా వెతుకుతుంది. రాత్రంతా నడిచింది. కనుమ పొద్దున చూస్తే వేల ఫైళ్ళు, ఒక్కదానికీ పాత పేరు లేదు, అన్నీ ఎఫ్ అనే అక్షరం, దాని పక్కన అంకెలు. తెరిస్తే తెలుగే లేదు, ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా. పాడైపోయాయనుకుని దాదాపు వదిలేశాను. బాబాయి చూసి, ‘అది అను రా, ఫాంట్ లేక అలా కనిపిస్తోంది’ అన్నాడు. అను ఫాంట్లు యూనికోడ్ (ఇప్పుడు ఫోన్లలో, నెట్‌లో తెలుగు రాసే పద్ధతి) కాదు. ఫైల్లో నిజంగా తెలుగు అక్షరం ఉండదు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టి చూపిస్తుంది ఆ ఫాంట్. అది లేకపోతే ఫైలు ఉండి కూడా చదవలేం. ఆ ఫాంట్లు కూడా సి లోనే ఉండేవి, వాటినీ నేనే తుడిచేశాను. బాబాయి పాత స్నేహితుడొకాయన ఇంకా డీటీపీ చేస్తున్నాడు, ఆయన సిస్టమ్ ముందు రెండు సాయంత్రాలు కూర్చుని ఒక్కో ఫైలూ తెరిచి చూశాం. 31 పాటలు పూర్తిగా దొరికాయి. మిగతావి ఉన్న చోట కొత్త విండోస్ ఫైళ్ళు కూర్చున్నాయి.

ఇది చదివి ‘క్లౌడ్‌లో పెట్టుకోవాలి కదండీ’ అనేవాళ్ళు ఉంటారు. అరవై ఏళ్ళ మనిషి, పాతికేళ్ళు డీటీపీ చేసినవాడు, తన ఫైలు తను పెట్టిన చోటే ఉంటుందని నమ్మడం తప్పు కాదు. తుడిచేవాడే అడగాలి.

రిపేరు షాపుల మీద కూడా నాకు చాలా కోపం. ఏ జబ్బుకైనా ఒకటే మందు, ‘ఫార్మాట్ కొట్టాలి సార్, డేటా పోతుంది, పర్లేదా?’ ఆ ‘పర్లేదా’కి అర్థం తెలియకుండానే పెద్దవాళ్ళు తలూపుతారు. వైరస్ ఉందన్నా ఫార్మాటే, ప్రింటర్ కదలకపోయినా ఫార్మాటే. పైగా వాళ్ళు వేసేది చాలాచోట్ల దొంగ విండోస్, దాన్ని యాక్టివేట్ చేయడానికి ఏదో ప్రోగ్రామ్ నడుపుతారు, అది నడవాలంటే యాంటీవైరస్ ఆపాలంటారు. అలాంటి సిస్టమ్‌లో బ్యాంకు లాగిన్ చేయకండి.

ఇప్పుడు మీ కంప్యూటర్ సంగతి. నా అభిప్రాయంలో అది నెమ్మదించడానికి అసలు కారణం విండోస్ కాదు, తిరిగే హార్డ్ డిస్క్. దాన్ని తుడిచి మళ్ళీ దానిమీదే వేస్తే కొన్ని నెలలు బాగుంటుంది, మళ్ళీ మొదటికొస్తుంది. 240 లేదా 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) ఒకటి కొనండి, వీలైతే ర్యామ్ 8 జీబీ చేయండి. ఇందులో ఇంకో లాభం ఉంది. పాత డిస్క్‌ని తుడవక్కర్లేదు. ఊడదీసి పేరు, తేదీ రాసి బీరువాలో పెట్టండి, ఏడాది పాటు ముట్టుకోకండి. అప్పటికీ ఎవరూ ఏదీ అడగకపోతే అప్పుడు చూసుకోవచ్చు. ఆ రోజు నేను ఈ ఒక్క పని చేసి ఉంటే 47 పాటలూ ఉండేవి.

విండోస్ 11 మీ సిస్టమ్‌కి అధికారికంగా ఎక్కదు, దానికి ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలి. అడ్డదారులు ఉన్నాయి కానీ పిల్లాడికిచ్చే మెషిన్‌కి వద్దు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అందుకని లినక్స్ మింట్ అనే ఉచిత ఓఎస్ వేయండి, అందులో తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్, 4 జీబీలో కూడా హాయిగా నడుస్తుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడొచ్చు. వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయో ముందే తెలుస్తుంది. యూనికోడ్ తెలుగు చక్కగా వస్తుంది, తెలుగు టైప్ చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా ఉంది.

ఒకవేళ ఏదో పాత సాఫ్ట్‌వేర్ కోసం మళ్ళీ విండోస్ 7 వేయాల్సి వస్తే, మదర్‌బోర్డు ల్యాన్ డ్రైవర్ (నెట్ కేబుల్ పోర్టు పనిచేయడానికి కావలసిన ప్రోగ్రామ్) ముందే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. లేకపోతే అంతా ఎక్కాక నెట్ రాదు, నెట్ రావడానికి కావలసిన డ్రైవరేమో నెట్‌లో ఉంటుంది. డ్రైవర్లు వేయడం అయ్యాక ఆ సిస్టమ్‌కి నెట్ కనెక్షన్ తీసేయండి. క్యాబినెట్ పక్కన విండోస్ కీ (యాక్టివేట్ చేసే నంబరు) ఉన్న స్టిక్కర్ ఉంటే చెరిగిపోకముందే ఫోటో తీసుకోండి.

ఎప్పుడైనా ఆ పాత డిస్క్‌ని అమ్మాల్సి వస్తే మాత్రం ఉత్త ఫార్మాట్ చాలదు. పైన చెప్పిందే ఇక్కడ తిరగబడుతుంది: నేను పాటలు వెతికినట్టే, కొన్నవాళ్ళు మీ ఆధార్ కాపీలూ పాన్ కార్డు స్కాన్‌లూ వెతకగలరు. విండోస్‌తో వచ్చే డిస్క్‌పార్ట్ అనే టూల్‌లో క్లీన్ ఆల్ అనే కమాండ్ డిస్క్ మొత్తం సున్నాలు రాస్తుంది, 500 జీబీకి రెండు గంటలు పట్టొచ్చు. ముందు ఏ డిస్క్ ఎంచుకున్నారో రెండుసార్లు చూసుకోండి, అక్కడ నంబరు తప్పితే ఇంక ఫోటోరెక్ కూడా కాపాడలేదు.

ఈ ఆదివారం నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని డెస్క్‌టాప్ మీదున్న ప్రతి ఫోల్డరూ ఆయన చేతే తెరిపించండి, విండోస్ లోపల ఉండే ఫాంట్స్ ఫోల్డర్ కూడా కాపీ చేయండి, కాపీ చేసినవి ఇంకో కంప్యూటర్‌లో తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. ఆ తర్వాత మదర్‌బోర్డు మోడల్ నంబరు ఇక్కడ రాయండి, ఎస్ఎస్‌డీ ఎక్కడ తగిలించాలో, ఏ ర్యామ్ పడుతుందో చెబుతాను.