లైఫ్ కోచ్‌ను ఎంచుకునే ముందు ఏం చూడాలి?

తొమ్మిదేళ్ళుగా చేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద ఆసక్తి పోయిందనీ, అధ్యాపక వృత్తిలోకి మారాలా వద్దా అన్నది తేల్చుకోలేక కొన్ని నెలలుగా నిద్ర కూడా సరిగా పట్టడం లేదనీ, ఒక లైఫ్ కోచ్ (జీవితంలో, వృత్తిలో నిర్ణయాలు తేల్చుకోవడానికి సంభాషణల ద్వారా తోడ్పడే వ్యక్తి) మూడు నెలల కార్యక్రమానికి 75,000 రూపాయలు ముందుగానే కట్టమంటున్నారనీ మీరు రాశారు. అసలు కోచింగ్ అంటే ఏమిటనీ, కోచ్‌ను ఎలా ఎంచుకోవాలనీ అడిగారు. వీటిలో నిద్ర సంగతినే నేను ముందు తీసుకుంటాను.

నేను హైదరాబాదులో ఒక మందుల తయారీ సంస్థలో, నాణ్యతా పరీక్షల విభాగంలో పనిచేస్తున్నాను. ప్రయోగశాల పని విడిచిపెట్టి మేనేజరు బాధ్యత తీసుకోవాలా అన్న సందిగ్ధంలో ఉన్నప్పుడు ఒక కోచ్‌ను సంప్రదించాను. తెల్లవారుజామున గుండెదడతో మెలకువ వస్తోందని రెండో సమావేశంలో మాటల మధ్య చెప్పాను. ఆమె అక్కడే ఆగి, ఎన్నాళ్ళుగా ఇలా ఉంది, అన్నం సహిస్తోందా, పనిలో మనసు నిలుస్తోందా అని అడిగి, ఇది తాను చూడగలిగిన విషయం కాదనీ, ముందు మానసిక వైద్యుణ్ణి కలిసి, ఆయన సరేనన్న తరువాతే తిరిగి రమ్మనీ స్పష్టంగా చెప్పారు. మిగిలిన సమావేశాలకు డబ్బు కూడా అప్పటికి తీసుకోలేదు. వైద్యులు దాన్ని ఆందోళన రుగ్మతగా గుర్తించి చికిత్స చేశారు. కొన్ని నెలల తరువాత మళ్ళీ ఆమె దగ్గరకు వెళ్ళేసరికి ఉద్యోగం ప్రశ్న అలాగే ఉంది కానీ, దాని గురించి కూర్చుని ఆలోచించే శక్తి నాకు వచ్చింది. కోచ్‌లో అన్నిటికన్నా ముందు చూడవలసిన గుణం ఇదేనని నా అభిప్రాయం: తన పని ఎక్కడితో ఆగిపోతుందో తెలిసి ఉండడం, ఆ మాట ఆదాయం పోయినా సరే చెప్పగలగడం.

మన దేశంలో సైకియాట్రిస్టుకు, అంటే మానసిక వైద్యుడికి, వైద్య విద్య, వైద్య మండలిలో నమోదు తప్పనిసరి. మానసిక సమస్యలను పరీక్షించి సంభాషణ ద్వారా చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టుకు కూడా నిర్దేశిత శిక్షణ, నమోదు ఉండాలి. లైఫ్ కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి మాత్రం అలాంటి చట్టబద్ధమైన అర్హత ఏదీ అవసరం లేదు. అందువల్ల నిద్రలేమి వారాల తరబడి సాగుతున్నా, ఇదివరకు ఇష్టమైన పనులు కూడా రుచించకపోయినా, మీరు మొదట వెళ్ళవలసింది వైద్యుల దగ్గరకే. నేరుగా వెళ్ళడానికి సంకోచంగా ఉంటే, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. అది ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇక కోచింగ్ అంటే ఏమిటన్న మీ ప్రశ్నకు వస్తాను. మన దగ్గర కోచింగ్ అనగానే ఎంసెట్, గ్రూప్స్ శిక్షణ గుర్తుకొస్తాయి కాబట్టి, ఎవరో వచ్చి దారి చూపిస్తారని అనుకోవడం సహజమే. లైఫ్ కోచింగ్ పద్ధతి అది కాదు. అమెరికాలో ఆర్థిక ప్రణాళికల సలహాదారుగా పనిచేసిన థామస్ లెనార్డ్, 1995లో ఇంటర్నేషనల్ కోచ్ ఫెడరేషన్‌ను స్థాపించి ఈ వృత్తికి ఒక రూపం తెచ్చినవారిలో ముఖ్యుడు. ఆ సంస్థే నేటి ఐ.సి.ఎఫ్. దాని ప్రమాణాల ప్రకారం కోచ్ సలహాదారు కాదు. నిర్ణయం మీది, దాన్ని చేరుకోవడానికి కావలసిన ప్రశ్నలు, ఏకాగ్రతతో కూడిన వినికిడి, అనుకున్న పని జరిగిందా అన్న ఆరా కోచ్‌వి. నన్ను మా కోచ్ అడిగిన ఒక ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది: "ఈ పదోన్నతి వద్దని నిర్ణయించుకుంటే, ఆ మాట ఎవరికి చెప్పడం మీకు అన్నిటికన్నా కష్టం?" మా నాన్నగారికి అని నా నోట వచ్చాక గానీ, నేను ఇన్నాళ్ళూ తూచుతున్నది ఉద్యోగాన్ని కాదనీ, ఊళ్ళో ఆయనకు దక్కే గౌరవాన్ననీ నాకు తెలియలేదు. ఆ తరువాత నేను చేసిన పని ఆయనతో మాట్లాడడం; ఆపైన మా సంస్థలోనే పరీక్షా పద్ధతుల నిపుణుడిగా కొనసాగే అవకాశం ఉందేమో విచారించడం. ఆ రెండింటిలో ఏదీ చేయమని ఆమె చెప్పలేదు.

అర్హతల విషయంలో ఒక తేడా గమనించండి. రెండు రోజుల వర్క్‌షాప్ ముగిశాక ఇచ్చే ధ్రువపత్రం వేరు, ఐ.సి.ఎఫ్. ఇచ్చే గుర్తింపు వేరు. దానిలో తొలి మెట్టయిన ఎ.సి.సి.కి (అసోసియేట్ సర్టిఫైడ్ కోచ్) కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి. తరువాతి మెట్టు పి.సి.సి.కి (ప్రొఫెషనల్ సర్టిఫైడ్ కోచ్) 125 గంటల శిక్షణ, 500 గంటల అనుభవం కావాలి. ఈ గుర్తింపును మూడేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి కాబట్టి, అది ఇప్పటికీ చెల్లుతోందా అన్నది ఐ.సి.ఎఫ్. వెబ్‌సైటులో పేరుతో వెతికి చూడండి. అయితే గుర్తింపు ఉన్నంత మాత్రాన ఆ వ్యక్తి మీకు సరిపోతారని కాదు. పెద్ద కంపెనీల అధికారులతో మాత్రమే పనిచేసినవారికి, ఇంటి బాధ్యతలు మోస్తూ వృత్తి మార్చుకోదలచిన మీ పరిస్థితి అంతుపట్టకపోవచ్చు.

అందుకే డబ్బు కట్టే ముందు ఒక పరిచయ సంభాషణ అడగండి. చాలామంది కోచ్‌లు దీన్ని ఉచితంగానే ఇస్తారు. ఆ అరగంటలో ఎక్కువసేపు ఎవరు మాట్లాడారో చూడండి. తమ విజయగాథలతోనే సమయం గడిపేసే కోచ్ తరువాత కూడా మీ మాట వింటారని నాకు నమ్మకం లేదు. ఎలాంటి వారిని మీరు వైద్యుల దగ్గరకు పంపిస్తారని సూటిగా అడగండి. మా పినతల్లి కుమారుడు వెళ్ళిన ఒక లైఫ్ కోచింగ్ శిబిరంలో, ఆ రాత్రే కడితే సగం ధర అని పై కోర్సు అంటగట్టారు, ఫలితం రానప్పుడు లోపం అతని నమ్మకంలోనే ఉందన్నారు. ఫలితానికి హామీ ఇచ్చేవారినీ, తొందరపెట్టేవారినీ అక్కడితో వదిలేయండి.

భాష కూడా చిన్న విషయం కాదు. ఈ వృత్తి పదజాలం దాదాపు అంతా ఇంగ్లీషులోనే ఉన్నా, అమ్మానాన్నలతో, అత్తమామలతో ముడిపడిన మాటలు మనకు తెలుగులోనే నిజాయితీగా వస్తాయి. సంభాషణ తెలుగులో సాగాలని మొదటే చెప్పండి. మీ ఇంటివారిని అడ్డంకులుగా మాత్రమే చూసి, వారిని పట్టించుకోవద్దని తేలిగ్గా చెప్పే కోచ్, మీరు రేపు ఏ ఇంట్లో బతకాలో ఆలోచించడం లేదు.

ఆ 75,000 రూపాయలు ఒకేసారి కట్టకండి. ముందు రెండు మూడు సమావేశాలకే చెల్లిస్తానని అడగండి. ఎన్ని సమావేశాలు, ఒక్కొక్కటి ఎంతసేపు, వాయిదా పడితే ఏమవుతుంది, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు, మీరు చెప్పిన విషయాలు ఎవరికి తెలుస్తాయి అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. ఐ.సి.ఎఫ్. నియమావళి ప్రకారం పని మొదలయ్యేలోపే ఇలాంటి ఒప్పందం కుదరాలి కనుక, అడగడంలో మొహమాటపడవలసింది ఏమీ లేదు. కాదంటే మరొకరిని చూడండి. ఇచ్చిన మాట తప్పి డబ్బు తిరిగివ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. అప్పుడు మీ చేతిలో ఉండవలసినవి ఆ ఒప్పందం, చెల్లింపు రసీదులు.