నాలుగు అక్షరాలు వెతకడానికి మీ ఫోన్ తెరంతా చదవాలా?

ప్రశ్న: ఫోన్‌లో ఇంగ్లిష్ వర్డ్ గేమ్స్ ఆడతాను. ఫలానా అక్షరాలున్న పదాలు కావాలని వెతుకుతుంటే ఒక యాప్ దొరికింది. గేమ్ బోర్డును తనే చదివి పదాలు చూపిస్తుందట. యాక్సెసిబిలిటీ పర్మిషన్ ఆన్ చేయమంటోంది. చేయొచ్చా? వద్దంటే వేరే దారి ఏముంది?

జవాబు: చేయకండి. ఇప్పటికే చేసి ఉంటే ఇక్కడితో చదవడం ఆపి, సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని ఆఫ్ చేసి రండి.

ఇదే ప్రశ్న వేర్వేరు రూపాల్లో నాకు వస్తూనే ఉంది. ఒకరిని కొత్త కీబోర్డ్ పెట్టుకోమంటారు, ఇంకొకరిని బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్ వేసుకోమంటారు. అడిగేది మాత్రం ఒక్కటే: మీరు చూసేదీ టైప్ చేసేదీ మొత్తం మాకు కనబడాలి అని. యాక్సెసిబిలిటీ సదుపాయం పుట్టింది చూపు సరిగా లేనివాళ్లకు, చేతులు సహకరించనివాళ్లకు ఫోన్ వాడటం సాధ్యం కావాలని. అందుకే ఆ పర్మిషన్ ఉన్న యాప్ తెర మీది రాతను చదవగలదు, మీ బదులు బటన్లు కూడా నొక్కగలదు. గేమ్ మూసేసి బ్యాంక్ యాప్ తెరిచినా ఆ చూపు పక్కకు పోదు. ఓటీపీ వచ్చినా అంతే. బ్యాంకు ఖాతాలు దోచే మాల్వేర్ (హాని చేసే యాప్‌లు) ఎక్కువగా వాడుకునేది ఈ తలుపునే. స్టోర్ బయటి నుంచి వేసుకున్న యాప్‌లు ఈ పర్మిషన్ సులువుగా తీసుకోకుండా 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 ఒక అడ్డు పెట్టింది. ఆ అడ్డును ఎలా తీసేయాలో బొమ్మలు వేసి మరీ మీకు నేర్పించే యాప్ ఏదైనా ఉంటే దాన్ని ఒక్క నిమిషం కూడా ఫోన్‌లో ఉంచకండి.

తీసేసేటప్పుడు ముందు పర్మిషన్ ఆఫ్ చేయండి, తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేయండి. అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయకపోతే సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ యాప్స్ (ఫోన్ మీద అదనపు అధికారం ఉన్న యాప్‌లు) జాబితాలో దాని పేరు ఉందేమో చూసి అక్కడా ఆపేయండి. బ్యాంకు పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో మార్చండి. ఇంకొక్క మాట: ఫ్రీ ట్రయల్‌కు ఒప్పుకుని ఉంటే, యాప్ తీసేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు. స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్స్ పేజీకి వెళ్లి విడిగా క్యాన్సిల్ చేయాలి.

నాకు కోపం తెప్పించేది ఏమిటంటే, ఈ పనికి అసలు ఏ పర్మిషనూ అక్కర్లేదు. ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. కావాల్సింది ఒక పదాల జాబితా, అందులో వెతికే పద్ధతి, అంతే. ఎనేబుల్ (ENABLE) అనే ఇంగ్లిష్ పదాల జాబితా పబ్లిక్ డొమైన్‌లో ఉంది, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. 1.72 లక్షలకు పైగా పదాలున్నా ఆ ఫైల్ రెండు ఎంబీకి అటూఇటూ ఉంటుంది. మామూలు టెక్స్ట్ ఫైల్‌గానే దించుకోండి. జాబితా పేరు చెప్పి ఇన్‌స్టాలర్ అంటగడితే వదిలేయండి.

దాన్ని ఎక్సెల్‌లో తెరిచి కస్టమ్ ఫిల్టర్ పెట్టండి. ప్రశ్నార్థకం అంటే ఏదో ఒక్క అక్షరం, స్టార్ గుర్తు అంటే ఎన్ని అక్షరాలైనా. క్యూ ఉండి యూ లేని పదాలు కావాలా? ‘కంటెయిన్స్’ దగ్గర క్యూ, ‘డజ్ నాట్ కంటెయిన్’ దగ్గర యూ, మధ్యలో ‘అండ్’. ఫకీర్ అనే మాట క్యూతో కనబడుతుంది, దానితో పాటు మీరెప్పుడూ చూడని మాటలు కొన్ని. ఐదక్షరాల పదాన్ని ఊహించే వర్డిల్ ఆటలో ఆర్ పసుపు రంగులో మూడో గడిలో వచ్చిందంటే, ఆర్ ఉండాలి కానీ మూడో చోట ఉండకూడదు. ‘కంటెయిన్స్’లో ఆర్ పెట్టి, ‘డజ్ నాట్ బిగిన్ విత్’లో రెండు ప్రశ్నార్థకాలు, వాటి వెంటనే ఆర్ ఇవ్వండి. ఒకే అక్షరం రెండుసార్లు రావాలంటే రెండింటి మధ్యా ఒక స్టార్ పెడితే చాలు.

పదాలు వెతికిపెట్టే సైట్లను కూడా నేను వదలదలుచుకోలేదు. ఏ, ఆర్, టీ ఉన్న పదాలు అని అడిగితే దానికి మూడు అర్థాలున్నాయి. ఎక్కడైనా ఈ మూడూ ఉంటే చాలంటే వాటర్ వస్తుంది. ఇదే వరసలో పక్కపక్కన ఉండాలంటే పార్టీ వస్తుంది, వాటర్ రాదు. ఈ మూడింటితోనే పదం కట్టాలంటే ర్యాట్, ఆర్ట్ లాంటివి వస్తాయి. చాలా సైట్లు మూడింటికీ కలిపి ఒకే పెట్టె ఇచ్చి, ఏ అర్థంలో వెతుకుతున్నాయో ఎక్కడా చెప్పవు. పదం రాకపోతే జనం తమకే ఇంగ్లిష్ రాదనుకుంటారు. అక్కడ సైట్ మార్చి, ఇక్కడ యాప్ వేసి, చివరికి మీరు వెళ్లిన చోటికే వెళ్తారు. ఆ పెట్టె మీద ఒక్క ముక్క రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

ప్రశ్న: జాబితాలో ఉన్న పదాన్ని గేమ్ ఎందుకు ఒప్పుకోవడం లేదు?

జవాబు: ఒక్కో గేమ్‌కు ఒక్కో జాబితా. అక్షరాల బిళ్లలతో పదాలు కట్టే స్క్రాబుల్‌కే ఉత్తర అమెరికాలో ఒకటి, మిగతా చాలా చోట్ల కాలిన్స్ జాబితా. క్యూ, ఐ కలిపిన రెండక్షరాల మాట ఉత్తర అమెరికా జాబితాలో చేరింది 2006లోనే, అంతకు ముందరి జాబితాలో వెతికితే దొరకదు. వర్డిల్ సంగతి ఇంకో రకం. మొదట వచ్చినప్పుడు అది 12,972 పదాలను ఒప్పుకునేది, కానీ జవాబుగా రాదగినవి వాటిలో 2,315 మాత్రమే. పెద్ద జాబితాలో దొరికిన అరుదైన మాట గెస్‌గా చెల్లవచ్చు, అదే ఆ రోజు జవాబు అయ్యే అవకాశం మాత్రం తక్కువ. ఐదక్షరాల ఆటకు వెతికేటప్పుడు ఫిల్టర్‌లో మిగిలిన వాటిలో రోజూ వినే మాటలనే ముందు ప్రయత్నించండి.